నలుగురి పడవ

గ్లోరీకి వీడియో గేముల పిచ్చి. ఆ పిచ్చికి జీతమిస్తామని హైదరాబాదు వెబ్‌సైటు వాళ్ళెవరో అంటే కోటబొమ్మాళిలో ఎవరూ నమ్మలేదు, వాళ్ళమ్మ లీలారాణితో సహా. ముందు ఒక ఆటకి సమీక్ష రాయాలి, అది నచ్చితేనే ఉద్యోగం. వాళ్ళు పంపింది పడవ పందెం. దాంతో నాలుగు రిమోట్లొచ్చాయి, వాటిని తెడ్లలా ఆడిస్తే టీవీలో పడవ కదులుతుంది. గ్లోరీ ఒక్కతే కూర్చుని ఆడింది, మిగతా మూడు తెడ్లూ కంప్యూటరే వేసింది. బొమ్మలు నాసిరకం, కథ సున్నా. పదికి నాలుగు మార్కులని రాసిపెట్టింది. పేరుమోసిన విమర్శకులూ అంతే ఇచ్చారు, ఇక భయమెందుకు?

ఆదివారం ఆరాధన అయ్యాక మేనమామ రాబర్ట్ భోజనానికొచ్చాడు. "ఏటే ఆ పడవ? నాకియ్యి, సూస్తాను" అన్నాడు. పక్కింటి తవిటమ్మ కూడా చేరింది. లీలారాణి వద్దు వద్దంటూనే ఒక రిమోటు లాక్కుంది. నాలుగోది గ్లోరీ పట్టుకుంది.

ఇక చూడాలి ఆ ఇంట్లో గోల. పడవ రాళ్ళకి కొట్టుకుంది, గిర్రున తిరిగింది. అక్క తమ్ముణ్ణి తిట్టింది, తమ్ముడు అక్కని తిట్టాడు. గ్లోరీకి ఒళ్ళు మండింది. ఆట తెలిసినది తనొక్కతే కదా అని జోరుగా తెడ్డేసింది. పడవ మళ్ళీ తిరిగింది.

"ఒసే, నీ జోరుకే తిరిగిపోతన్నాది. మాతో పాటు ఎయ్యి" అంది తవిటమ్మ. అని ఊరుకోకుండా "హైలెస్సా" అంటూ అందుకుంది.

గ్లోరీ చెయ్యి నెమ్మదించింది. పడవ తిన్నగా సాగింది. నలుగురూ హైలెస్సా అంటుంటే గ్లోరీకి సంతోషం పట్టలేక కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఒక్కతే గెలిచిన ఏ ఆటలోనూ ఆమె ఇంత సంబరం ఎరగదు. రాసిందంతా కొట్టేసి, కొత్తగా రాసి, ఎనిమిది మార్కులు వేసి పంపేసింది. ఉద్యోగం పోతే పోనీ అనుకుంది గానీ ఫోను మాత్రం చేతిలోంచి దింపలేదు.

కాసేపటికే సంపాదకుడు నరసింగరావు ఫోన్ చేశాడు. "అందరూ నాలుగిచ్చారమ్మా. మా ఆఫీసులోనూ అదే మాట. బొమ్మలు బాగున్నాయా?"

"లేవండి."

"కథ?"

"అసలు లేదండి."

"మరి ఎనిమిదెందుకు?"

"సార్, మీ ఆఫీసులో ఎంతమంది ఆడారండి?"

"నలుగురం."

"నలుగురూ కలిసా?"



"ఎవరి గదిలో వాళ్ళం" అన్నాడు నరసింగరావు. "ఎనిమిదే ఉండనియ్యమ్మా. వచ్చే ఆట ఎప్పుడు పంపమంటావు?"