పది ఎంబీల చోటు

నాయన పోయింది వేలూరు ఆస్పత్రిలో, పొద్దున ఆరింటికి. నాలుగ్గంటలకు మా ఊరు పరదరామిలో శవాన్ని ఎత్తుతారు. ఆలోగా ఫోటోతో పోస్టరు గోడకెక్కకపోతే మా వైపు చావుకు మర్యాద లేదు. గుడియాత్తంలో పోస్టర్లు చేసే కంప్యూటరు సెంటర్లో ఆపరేటరమ్మాయిని నేనే. అందుకని ఆస్పత్రివాళ్ళు మధ్యాహ్నానికి ఇచ్చిన శవాన్ని వ్యానులో ఇంటికి పంపేసి, నేను దారిలో అక్కడ దిగిపోయాను. ఏడుపు రాలేదు. చెప్పులు బయట విడిచి ఏసీ గదిలో కూర్చున్నాను, రోజూలాగే.

ఫోటో స్కాన్ చేశాను. మా ఇంట్లో మాట తెలుగు, రాత అరవం. కింద నాయన పేరు, అంకప్ప మేస్త్రీ అని అరవంలోనే కొట్టాను. ప్రింటు ఇవ్వగానే మిషన్ బిగుసుకుపోయింది. 1997లో దాని ర్యామ్ ఎనిమిది ఎంబీలు. అందులో పట్టని పనిని విండోస్ డిస్కు మీదికి చేరవేసి, కావలసినప్పుడు మళ్ళీ తెచ్చుకుంటుంది, మనం వాడని గిన్నెలు అటకెక్కించినట్టు. ఆ అటకా నిండిపోయింది. డిస్కులో చోటు లేదని తెర మీద పడింది.

ఓనరు జయరామన్ వచ్చి వెనక నిలబడ్డాడు.

"పది ఎంబీ అన్నా ఖాళీ చెయ్యల్ల మా. కస్టమర్లవి ముట్టుకోవాకు. నీది ఏందన్నా ఉంటే తీసేయ్."

నాది ఒక్కటే ఉంది. పోయిన దీపావళికి సౌండ్ కార్డు వేయించినప్పుడు నాయన చూడటానికి వచ్చాడు. మైకు చేతికిచ్చాను. "యాడ చూసి మాట్లాడేది మా?" అని అడిగి, నవ్వి, ఏం చెప్పాలో తోచక ఇంట్లో అందరినీ ఒక్కొక్కరినే పేరు పెట్టి పిలిచాడు. ఒక్క నిమిషం రికార్డింగు. పది ఎంబీలు. ఫ్లాపీలో దాచుకుందామంటే ఒకటిన్నర ఎంబీ కూడా పట్టదు.

టైము రెండున్నర. తీసేశాను. చోటు పెరగలేదు. ఇంకా చెత్తబుట్టలోనే ఉందట. బుట్టనూ ఖాళీ చెయ్యమన్నాను. ఖచ్చితంగానా అని అడిగింది. పొద్దున నాయన ప్రాణం తీసుకుపోయేటప్పుడు నన్నెవరూ ఇలా అడగలేదు. ఎస్ నొక్కాను. ఒక్కసారి విందామని కూడా తట్టలేదు. అందుకు నన్ను నేను ఇప్పటికీ క్షమించుకోలేదు.

డిస్కు గరగరమంది. ప్రింటరులోంచి నాయన మెల్లగా బయటికొచ్చాడు, నుదుటి నుంచి మొదలై. పక్కన జెరాక్స్ తీయించుకుని బస్సెక్కాను.

మూడున్నరకు మా గోడకు అంటించాను. అమ్మ వచ్చి ముందు నిలబడింది. ఆమెకు ఏ రాతా రాదు. ఫోటోనే చూసింది.

"ఎంత బాగా వచ్చినాడే మీ నాయన! ఇప్పుడే మనల్ని పేరు పెట్టి పిలిచేట్టు ఉండాడు."

నేను జిగురు బకెట్టు తీసుకుని, రెండో పోస్టరు అంటించడానికి ఎదురు గోడ దగ్గరికి పోయాను.