పసుపు లైట్లు

వీరబాబు టాక్సీకి బంపరు కింద రెండు పసుపు ఫాగ్ లైట్లుండేవి. రాజోలు స్టాండులో తోటి డ్రైవర్లు వాటిని చూసి, అంబాసిడర్‌ని పేరంటానికి తీసుకెళ్తున్నావా అని ఆటపట్టించేవారు. అందుకే మస్కట్ నుంచి బావమరిది తెల్లటి పెద్ద బల్బులు తేగానే అవి హెడ్ లైట్లకి బిగించి, పసుపువి విప్పి అటకెక్కించాడు. తల్లి వెంకటలక్ష్మి వద్దంది. కారు సంగతి నీకేం తెలుసే అన్నాడు. ఆ మాట ఇప్పటికీ అతన్ని గుచ్చుతూనే ఉంటుంది.

తొంభై ఆరు జనవరిలో ఒక తెల్లవారుజామున భార్య సావిత్రికి నొప్పులొచ్చాయి. తొలిచూలు. వాళ్ల ఊరు నగరం నుంచి రాజోలు ఆసుపత్రికి కాలవగట్టు మీదుగా పోవాలి. మంచు చూస్తే పక్కమనిషి కనపడనంత. లైట్లు వేశాడో లేదో, అద్దం ముందు తెల్లగోడ లేచింది. బ్రైటు పెడితే ఆ గోడ ఇంకా దగ్గరకొచ్చింది. మెల్లగా పోనిచ్చినా ముందు చక్రం గట్టు దిగబోయింది. కింద నీళ్ల చప్పుడు విని వీరబాబు బ్రేకు తొక్కాడు. వెనక సీట్లో సావిత్రి పళ్లు బిగబట్టి మూలుగుతోంది. మొనగాడి తెలివి అంతటితో సరి!

కోడలి పక్కనుంచి వెంకటలక్ష్మి దిగింది. బ్యాటరీ లైటు నేలకేసి పట్టుకుని కారు ముందు నిలబడింది.

"దీపం కిందకి దించరా. దారి నేల మీదుంటాది గానీ మంచులో ఉంటాదేంట్రా?"

అతను డిమ్ము చేశాడు. ఆవిడ మడమలు మాత్రం కనపడ్డాయి. వాటినే చూసుకుంటూ కారు పోనిచ్చాడు. రెండు మైళ్లు, చెప్పుల్లేకుండా, ఒక్కసారి కూడా వెనక్కి తిరక్కుండా నడిచింది ఆ అరవయ్యేళ్ల మనిషి. కాలవ వంతెన దగ్గర మంచు పలచబడింది. తల్లిని ఎక్కించుకుని ఆసుపత్రికి చేరాక, గంటలోపే దుర్గాశ్రీ పుట్టింది. మర్నాడే పసుపు లైట్లు అటక దిగి మళ్లీ బంపరెక్కాయి. స్టాండులో ఎవరేమన్నా వీరబాబు నవ్వేసి ఊరుకునేవాడు.

తర్వాత ఆ అంబాసిడరూ పోయింది, వెంకటలక్ష్మీ పోయింది. రెండువేల తొమ్మిదిలో మళ్లీ అలాంటి మంచులోనే, దుర్గాశ్రీని తొలి బస్సెక్కించడానికి కొత్త కారులో బయల్దేరాడు. మీట నొక్కగానే ఫాగ్ లైట్లు వెలిగాయి. దారి శుభ్రంగా కనపడుతోంది. అయినా గట్టెక్కగానే కారు మనిషి నడకకి తగ్గింది.

బస్సు వెళ్లిపోతుంది, ఎందుకింత మెల్లగా అని కూతురు విసుక్కుంది.

"మీ నాన్నమ్మ ముందు నడుస్తోందమ్మా," అన్నాడు వీరబాబు.

వంతెన వచ్చేదాకా గేరు మార్చలేదు.