ఆరున్నర అంగుళాలు

పార్కులో పిల్లలూ పెద్దలూ ఎక్కి తిరిగే చిన్న రైలు వేయాలనుకున్నప్పుడు, పట్టాల మధ్య ఎంత దూరం ఉండాలో తేల్చే పని మేనేజరు ఫిట్టరుకి అప్పగించాడు. ఫిట్టరు ఏడుంపావు అంగుళాలన్నాడు. ఐదంగుళాలే అయితే, పెద్దవాళ్ళు కూర్చున్నప్పుడు బండి ఒరుగుతుంది. ఏడుంపావుకైతే నాలుగు వందల కిలోల ఇంజను పెట్టవచ్చు, పన్నెండు మందిని లాగుతుంది. చక్రాలూ ఇరుసులూ కంపెనీలు తయారుగా అమ్ముతాయి. ఈ ఆఖరి సంగతే అతనికి ముఖ్యం. నెలాఖరుకి అతను షిప్‌యార్డులో చేరుతున్నాడు. పదకొండేళ్ళుగా ఎదురుచూసిన ఉద్యోగం. తను లేకపోయినా రైలు నడవాలి.

పట్టాలు వేసింది అతని బామ్మర్ది, వెల్డరు. పార్కులో ఈ బామ్మర్ది ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. మూడు వందల మీటర్లు వేసి కాంక్రీటు పోశాడు.

ఇంజను వచ్చిన రోజు మేనేజరు ఊళ్ళో లేడు. ఇద్దరూ కప్పీతో దాన్ని దించారు. చక్రాల అంచులు పట్టాల లోపలికి దిగలేదు, పట్టాల మీదే నిలబడ్డాయి.

ఫిట్టరు స్కేలు పెట్టాడు. ఆరున్నర.

"ఎక్కణ్ణుంచి ఎక్కడికి కొలిచావురా?"

"ఈ పట్టా నడిమి నుంచి ఆ పట్టా నడిమికి. ఏడుంపావే బావా, కావాలంటే కొలుచుకో."

"లోపలి అంచు నుంచి లోపలి అంచుకి కొలవాలిరా, నా తండ్రీ!"

"నువ్వు ఏడుంపావన్నావు. ఎక్కణ్ణుంచో చెప్పావా?"

చెప్పలేదు.

వెల్డరు కాంక్రీటు మీద కూలబడ్డాడు. "మేనేజరుకి తెలిస్తే రేపట్నుంచి రావద్దంటాడు. అక్కకి నువ్వే చెప్పుకో."

"మీ అక్క పేరు చెప్పి బెదిరించకు. లే, అటు పట్టు."

మేనేజరు తిరిగొచ్చేలోపు, మూడు రోజుల్లో, ఫిట్టరు షెడ్డులోని లేత్ మీద, ఇంజనుకీ దాంతో వచ్చిన పెట్టెలకీ ముప్పావు అంగుళం పొట్టిగా కొత్త ఇరుసులు చేసి చక్రాలను లోపలికి జరిపాడు. ప్రారంభం రోజు రైలు నడిచింది. మేనేజరు మొదటి పెట్టెలో కూర్చుని మూడు చుట్లు తిరిగాడు.

దిగి ఫిట్టరు భుజం తట్టాడు. "మీరన్నట్టే అన్నీ రెడీమేడ్‌గా దొరుకుతున్నాయండీ. ఇంకో ఇంజను, పది పెట్టెలు ఆర్డరిచ్చేశాను. కంపెనీవాళ్ళే వచ్చి పట్టాల మీద పెట్టి వెళ్తారు. మీరు నిశ్చింతగా వెళ్ళండి."

వెల్డరు చీపురందుకుని ఊడ్చిన చోటే ఊడుస్తున్నాడు.

"వాళ్ళెందుకు సార్? నేను పెడతాను," అన్నాడు ఫిట్టరు.

"అవి వచ్చేది వచ్చే నెల. అప్పటికి మీరుండరుగా?"

"ఉంటాను."

"మరి షిప్‌యార్డు?"

"వద్దనుకున్నాను సార్."

మేనేజరు సంతోషించాడు. ఫిట్టరు మనసులో లెక్క వేసుకున్నాడు: పెట్టెకి నాలుగు ఇరుసులు, ఇంజనుకి నాలుగు. చక్రాలు అరిగినప్పుడల్లా ఇరుసులతో సహా కొత్తవి వస్తాయి, అవీ ఏడుంపావుకే వస్తాయి.

ఆ సాయంత్రం ఫిట్టరు షెడ్డు తలుపుకి లోపలివైపు గడియ బిగించాడు.