డొల్ల టైలు

టైలు తీయకముందే టైలు కింద ఏముందో రాసేయడం ఆ ఆఫీసులో అలవాటు. అది తప్పని అక్కడ ఎవరికీ తోచలేదు. ఇంట్లో చెమ్మ దిగిందనో గోడ చీలిందనో కొన్నవాళ్ళు ఫిర్యాదు పెడితే, బిల్డరు తరఫున జవాబు తయారు చేసిపెట్టడం వాళ్ళ పని. జవాబుకి గడువు ఉంటుంది. అందుకని నివేదిక ముందు, తనిఖీ తర్వాత. ఫోటోలు అంటించాల్సిన చోట ఖాళీ వదిలేస్తే సరిపోతుంది.

ఆ నివేదికలు రాసేది ఇంజనీరమ్మ. ఆఫీసు ఆమె అక్క భర్తది. ఆయన లాయరు. పదకొండేళ్ళ కిందట ఆమె పనిచేస్తున్న కంపెనీ మూతపడినప్పుడు, "ఇంట్లో గోడలు చూస్తూ కూర్చునే బదులు మా ఆఫీసుకొచ్చి ఊళ్ళోవాళ్ళ గోడలు చూడు" అని కిటికీ పక్కన ఒక బల్ల వేయించాడు. ఆ బల్ల దగ్గర ఆమె ఒక రకం రాత నేర్చుకుంది. 'చేయలేదు' అని రాయకూడదు, 'చేసిన ఆనవాళ్ళు కనబడలేదు' అని రాయాలి. మొదటి మాట రాస్తే ఎవరు చూశారని అడుగుతారు. రెండోది రాస్తే ఎవరూ అడగరు. చూసిన కళ్ళు ఉన్నట్టే ఉంటాయి గానీ అవి ఎవరివో తెలియదు. ఆ వాక్యాల చాటున ఆమెకి హాయిగా ఉండేది. ఇంటికి వెళ్ళేటప్పుడు ఏదీ వెంట వచ్చేది కాదు.

సోమవారం నాటి ఫైలు కూడా అలాంటిదే. రెండో అంతస్తు స్నానాలగదిలోంచి మొదటి అంతస్తు మీదికి నీళ్ళు కారుతున్నాయి. ఫారంలో మూడు గళ్ళు: లోపం, కారణం, బాధ్యులు. మూడో గడిలో ఏం రాయాలో బావ ముందే చెప్పేశాడు. "టైల్స్ మేస్త్రీ. ఐదేళ్ళ పూచీ కాగితం మీద వాడి సంతకం ఉంది." ఆమె రాసింది: "స్నానాలగది మూలన రెండు టైల్స్ తీయించి పరిశీలించగా, నీళ్ళు కట్టి పరీక్షించిన ఆనవాళ్ళు కనబడలేదు."

నీళ్ళు కట్టడమంటే పెద్ద విద్యేమీ కాదు. నేలకీ గోడ అడుగుకీ చెమ్మ దిగని పూత వేశాక, నీళ్ళు పోయే కన్నంలో గుడ్డ కుక్కి, నాలుగు వేళ్ళ లోతున నీళ్ళు నింపి, నీటిమట్టం దగ్గర గోడ మీద గీత గీస్తారు. రెండు రోజులాగి చూస్తారు. నీళ్ళు గీత దగ్గరే ఉంటే టైల్స్ వేస్తారు. దిగితే పూత మళ్ళీ వేస్తారు. అంతే.

మామూలుగా ఆమె వెళ్ళేసరికి బిల్డరు మనిషి, అంటే సైటు సూపర్‌వైజరు, రెండు టైల్స్ తీయించి ఉంచేవాడు. ఆమె ఆ గుంతని ఫోటో తీసుకుని వచ్చేసేది. ఆ రెండింటినే ఎందుకు తీశారని పదకొండేళ్ళలో ఒక్కసారి కూడా అడగలేదు.

బుధవారం పొద్దున ఆమె సూపర్‌వైజరుతో కలిసి ముందు కింది ఇంటికి వెళ్ళింది. ఇంటావిడ స్నానాలగది తలుపు తీసి పైకి చూపించింది. కప్పు పెచ్చులూడి ఇనుప చువ్వలు బయటపడ్డాయి. తలుపు వెనక మేకుకి గొడుగు వేలాడుతోంది.

"గొడుగు వేసుకుని స్నానానికి వెళ్ళే ఇల్లు ఈ ఊళ్ళో మాదొక్కటే," అంది ఇంటావిడ. "పైన ఉండేది ఎవరో కాదు, మా వియ్యంకుడు గారే. పిల్లనిచ్చుకున్నాం కదా, దగ్గర దగ్గరగా ఉందామని కలిసి కొన్నాం. రెండేళ్ళుగా ఆయన స్నానం నా నెత్తి మీదే."

"చెల్లెమ్మా, ముప్ఫై ఏళ్ళు బస్సు కండక్టరుగా చేసినవాణ్ణి. అరబకెట్టుతో కానిచ్చేస్తాను," అన్నాడు మెట్ల మీద నిలబడ్డ వియ్యంకుడు. "నమ్మకపోతే అమ్మాయినీ అబ్బాయినీ పంచాయితీకి పిలవండి."

"వాళ్ళు రావడం మానేసింది మన గొడవ వినలేకే కదండీ, అన్నయ్యగారూ!"

సూపర్‌వైజరు కల్పించుకున్నాడు. "నీళ్ళు ఎక్కువ పోస్తే ఏ ఇల్లయినా కారుతుందండీ."

"స్నానాలగదిలో నీళ్ళు కాకపోతే ఇసుక పొయ్యమంటావా నాయనా?" అందామె.

అందరూ పై ఇంటికి వెళ్ళేసరికి స్నానాలగది బయట మేస్త్రీ నిలబడి ఉన్నాడు. అరవైకి దగ్గర పడ్డ మనిషి. చొక్కా జేబులో చుట్ట చుట్టిన దారం, భుజాన పనిముట్ల సంచి. ఎవరి మీద బాధ్యత పెడితే వాళ్ళకి నివేదిక ప్రతి ఇచ్చి సంతకం తీసుకోవాలన్నది నియమం. సూపర్‌వైజరు ముందురోజే తను సంతకం పెట్టేసిన ప్రతిని అతనికి అందించాడు.

"చదవక్కర్లేదు. ముట్టిందని సంతకం పెట్టు చాలు."

"ముట్టింది కదా, చదువుతాను," అని మేస్త్రీ గోడకి ఆనుకుని, మాట మాట కిందా వేలు పెట్టుకుంటూ చదవడం మొదలుపెట్టాడు.

ఇంజనీరమ్మ లోపలికి వెళ్ళింది. గోడ అడుగు వరసని వేలి కణుపుతో తట్టుకుంటూ వచ్చింది. అన్నీ గట్టిగానే మోగాయి. తలుపు పక్కన మూడోది మాత్రం డొల్లగా మోగింది. వెనక సిమెంటు మాలు సరిగ్గా పెట్టలేదన్నమాట. ఆమెకి చిన్న సంతోషం కలిగింది. 'పనితనం లోపం' అని ఇంకో వాక్యం దొరికింది. ఆ సంతోషంలో ఉండగానే మూలకి చూసింది. మూలన ఏ టైలూ తీసి లేదు. గదిలో ఎక్కడా తీసి లేదు.

సూపర్‌వైజరు దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "నిన్నొస్తే ఇంటికి తాళం వేసి ఉంది మేడమ్. ఏముంది, ఇప్పుడు తీయించేద్దాం. ఆ మూలన."

అప్పుడు బయటనుంచి మేస్త్రీ గొంతు వినిపించింది.

"అమ్మా, ఇందులో రెండు టైల్స్ తీయించి చూశామని ఉంది."

ఆమె గడప వైపు తిరిగింది.

"పైన సోమవారం తారీఖుంది." అతను గడపలోకి వచ్చి మూలకి చూశాడు. వంగి, సందుల వెంట బొటనవేలితో రాసి చూశాడు. "తీసినవాటిని ఎంత బాగా పెట్టేశారమ్మా! గీటు కూడా పడలేదు. నలభై ఏళ్ళుగా ఇదే పని, నాకు చేతకాదు. కాస్త నేర్పండి."

కండక్టరు పకపకా నవ్వాడు. వియ్యపురాలు నవ్వలేదు. "సోమవారం మీరసలు ఇటువైపు రానేలేదు కదమ్మా?" అంది.

ఇంజనీరమ్మకి ముందు కోపం వచ్చింది మేస్త్రీ మీదే. చెవులు వేడెక్కాయి. ఈ మనిషి ఇంత నెమ్మదిగా ఎందుకు చదవాలి, అందరిలా సంతకం పెట్టి ఎందుకు పోకూడదు అనుకుంది. అతను తిట్టి ఉంటే బాగుండేది, తిరిగి గదమాయించి ఉండేది. అతను మెచ్చుకున్నాడు. తను తీయని టైల్స్‌ని తీసినట్టు, పెట్టనివాటిని పెట్టినట్టు ఒప్పుకుని మరీ మెచ్చుకున్నాడు. తన వాక్యాన్ని ఇంత శ్రద్ధగా ఇంతవరకూ ఎవరూ చదవలేదని ఆమెకి అప్పుడు తెలిసింది. ఎవరూ చదవరన్న ధైర్యంతోనే రాస్తూ వచ్చానని కూడా తెలిసింది. కోపం ఇంకా ఉంది గానీ ఎవరి మీద పెట్టాలో దానికి తెలియడం లేదు.

"ఆ మూల తీస్తే ఏమీ ఉండదమ్మా," అన్నాడు మేస్త్రీ. "ఇందాక మీరు తట్టారే, అది తీయండి."

"అది డొల్లగా ఉంది."

"డొల్లే. నేనే వదిలాను. నాలుగు మూలలా మాలు పెట్టి నడుమ ఖాళీ ఉంచాను. అక్కడ రాసి ఉంది."

సూపర్‌వైజరు అడ్డం వచ్చాడు. "మేడమ్, వద్దు. బద్దలు కొడితే సాక్ష్యం పాడవుతుంది."

"ఇప్పుడే కదా ఆ మూల తీయిద్దామన్నారు?"

"అది వేరు మేడమ్. అది మనం తీసేది."

ఆ 'మనం' విని ఆమెకి ఒళ్ళు మండిపోయింది. ఆ మాటలో తనకి పదకొండేళ్ళుగా చోటుంది, కిటికీ పక్కన బల్ల ఉన్నట్టే. మేస్త్రీ సంచిలోంచి ఉలీ సుత్తీ తీశాడు. ఆమె చెయ్యి చాచింది.

"నువ్వు ముట్టుకోకు. తర్వాత నువ్వే రాశావంటారు. నాకివ్వు. కండక్టరు గారూ, మీ ఫోన్లో తీస్తూ ఉండండి, మొదటినుంచీ."

చీర కుచ్చెళ్ళు దోపుకుని నేల మీద కూర్చుంది. ఉలి పట్టి ఎన్నేళ్ళయిందో. మొదటి దెబ్బ వేలికి తగిలింది. నాలుగో దెబ్బకి టైలు మూల విరిగింది, ఇంకో రెండు దెబ్బలకి మొత్తం ఊడి చేతిలోకి వచ్చింది.

వెనక బూడిదరంగు పూత నున్నగా ఉంది. నాలుగు మూలలా మాలు ముద్దలు. నడుమ మేకుతో గీసిన అడ్డగీత, పక్కన తారీఖు. దానికి రెండు వేళ్ళ కింద ఇంకో గీత, మర్నాటి తారీఖు. దాని పక్కన, బడిపిల్లల అక్షరాల్లో: 'దిగింది. పూత మళ్ళీ వెయ్యాలి.' ఆ అక్షరాల మీదుగా ఎర్ర మార్కరుతో ఇంకొకరి రాత: 'పర్లేదు. వేసేయ్.' కింద పొడుగు తోకతో సంతకం.

అదే తోక మేస్త్రీ చేతిలోని నివేదిక మీద కూడా ఉంది.

సూపర్‌వైజరు తన సంతకం వైపు ముక్కూమొహం తెలియని మనిషిని చూసినట్టు చూశాడు. "ఇలాంటివి రోజుకి పాతిక పెట్టేవాణ్ణి మేడమ్," అన్నాడు. "గోడ మీదే కదా. టైలు పడితే కప్పడిపోతుంది. కాగితం మీదయితే పెట్టేవాణ్ణే కాదు."

"తెలుసు," అన్నాడు మేస్త్రీ. "కాగితం మీద అడిగితే మీరు పెట్టలేదు. అందుకే గోడ మీద పెట్టించుకున్నాను."

"అంటే రెండేళ్ళుగా..." అని కండక్టరు వియ్యపురాలి వైపు తిరిగాడు. "చెల్లెమ్మా, ఆ అరబకెట్టు సంగతి..."

"ఉండండన్నయ్యగారూ," అందామె. ఆమె కళ్ళు సూపర్‌వైజరు మీదే ఉన్నాయి. "ఇల్లు కారుతుందని ముందే తెలిసి, మమ్మల్ని కొట్టుకు చావమన్నారా?"

మేస్త్రీ ఇంజనీరమ్మతో అన్నాడు: "టైల్స్ వేసింది నేనే అమ్మా. వెయ్యనని సంచి సర్దుకుని వెళ్ళిపోవాల్సింది. వెళ్ళలేదు. ఆ మాట రాయండి, పడతాను. నీళ్ళు కట్టి చూడలేదని మాత్రం రాయకండి. ఆ మాట రాస్తే నా చేత ఎవరూ టైలు పెట్టించరు."

మధ్యాహ్నం ఆమె ఫోటోలు బావ బల్ల మీద పెట్టింది. ఆయన కళ్ళజోడు పైకి నెట్టుకుని ఒక్కొక్కటే చూశాడు.

"'అస్పష్టమైన గీతలు ఉన్నవి' అని రాసెయ్యి."

"అస్పష్టంగా లేవు బావా. తారీఖుతో సహా చదువుకోవచ్చు."

"అమ్మాయీ, మన దగ్గరికొచ్చేది బిల్డర్లు. మేస్త్రీలు కాదు."

"మేస్త్రీ బాధ్యుడని రాసింది నేను. ఆ భవనంలో స్నానాలగదులన్నీ అతనే సొంత ఖర్చుతో మళ్ళీ చేసివ్వాలి. బిల్డర్లందరి జాబితాలోంచి పేరు పోతుంది."

"పోనీలే. వాళ్ళు బతకనేర్చినవాళ్ళు. ఇంకో ఊరు వెళ్తాడు."

ఆయన చెడ్డగా అనలేదు. ఫైలు మూసేటప్పుడు ఎలా అంటాడో అలాగే అన్నాడు. ఆ మామూలుతనమే ఆమెకి భరించరానిదయింది. "అరవై ఏళ్ళ మనిషి గోడలో ఉత్తరం దాచుకున్నాడు బావా!" గొంతు పైకి లేచింది. పక్క గదిలో టైపు చప్పుడు ఆగిపోయింది. "మనలాంటివాళ్ళు వస్తారని ముందే తెలిసి దాచుకున్నాడు. తీయని టైలుని తీశానని రాసేవాళ్ళు వస్తారని!"

అప్పుడు బావ తలెత్తాడు. ఆయన్ని కదిలించింది గోడ మీది రాత కాదు. "తీయకముందు నివేదిక వాళ్ళ చేతికి వెళ్ళిందా?"

"వెళ్ళింది. మేస్త్రీ అందరి ముందూ చదివాడు."

"సరే. అది చిత్తుప్రతి, పొరపాటున వెళ్ళిందని రాసెయ్యి. శుక్రవారం గడువు."

ఆమె తన బల్ల దగ్గరికి వెళ్ళి రెండు గంటలు రాసింది. రాయడం కష్టమయింది. 'కనబడలేదు' అని చెయ్యి అలవాటుగా వెళ్ళిపోయేది, కొట్టేసేది. ప్రతి వాక్యంలోనూ ఎవరినో ఒకరిని నిలబెట్టాలి. మేస్త్రీ నీళ్ళు కట్టాడు. నీళ్ళు దిగాయని రాశాడు. సూపర్‌వైజరు వెయ్యమన్నాడు. మేస్త్రీ వేశాడు. చివర్న నిలబడాల్సింది తనే. 'సోమవారం నాటి నివేదికని నేను ఆ ఇంటికి వెళ్ళకుండానే, ఏ టైలూ తీయకుండానే రాశాను.'

బావ ఆ వాక్యం దగ్గర ఆగిపోయాడు. చాలాసేపు చదివాడు.

"ఇదొక్కటీ తీసెయ్యి. మిగతాది ఎలాగోలా సర్దుతాను. ఇది ఉంటే పదకొండేళ్ళ ఫైళ్ళన్నీ తిరగదోడతారు. నువ్వు రాసినవన్నీ."

"అవును," అంది ఆమె. ఆ గుంతలన్నీ కళ్ళముందు కదిలాయి. ఎవరో ఎంచి తీసిన టైల్స్, తను శ్రద్ధగా తీసిన ఫోటోలు. మూడో గళ్ళలో మేస్త్రీలు, ప్లంబర్లు. ఒక్క మొహం కూడా తను చూడలేదు.

"మన లెటర్‌హెడ్ మీద ఇది వెళ్ళదు."

"తెల్ల కాగితం మీద వెళ్తుంది."

"మీ అక్కకి ఏం చెప్పమంటావు?"

"చెప్పడానికేముంది. నేనే చెప్తాను."

శుక్రవారం ఉదయం ఫిర్యాదుల కార్యాలయంలో ఒక ప్రతి ఇచ్చేసి, ఆమె కండక్టరు ఇంటికి వెళ్ళింది. వియ్యపురాలు కూడా పైనే ఉంది. బిల్డరు మనుషులు వచ్చి ఆ కంత పూడ్చేస్తామన్నారట. "మా అన్నయ్యగారు స్నానాలు మానేసి మా ఇంట్లో బకెట్టు వాడుకుంటున్నారు గానీ, దాన్ని మాత్రం ముట్టనివ్వలేదు," అందామె. స్నానాలగది గడపకి అడ్డంగా కుర్చీ వేసి ఉంది. కుర్చీ మీద ఆ గొడుగు.

ఆమె రమ్మంటే వచ్చిన మేస్త్రీ తన ప్రతి తీసుకుని గోడకి ఆనుకున్నాడు. మొదటి పేజీ, రెండో పేజీ, వేలు మాట మాట కిందా ఆగుతూ నడిచింది. ఆమె నిలబడే ఉంది. ఫోన్ మోగింది, అక్క. తీయలేదు. తర్వాత తీయక తప్పదు.

చివరి పేజీలో వేలు ఒక చోట ఆగింది. మళ్ళీ వెనక్కి వెళ్ళి, అదే వాక్యం మీదుగా ఇంకోసారి వచ్చింది. అతను ఆమె మొహంలోకి చూడలేదు.

"ఇక్కడ కూడా ఒక సంతకం పెట్టండమ్మా," అన్నాడు. "ఈ మాట పక్కనే."

ఆమె కాగితాన్ని గోడకి ఆనించి సంతకం పెట్టింది. అతను సిరా ఆరేదాకా ఊదాడు. నాలుగు మడతలు పెట్టి దారం చుట్టతో పాటు జేబులో పెట్టుకున్నాడు. సంచి భుజాన వేసుకుని మెట్లు దిగి వెళ్ళిపోయాడు. మెచ్చుకుంటూ ఒక్క ముక్క కూడా అనలేదు. అని ఉంటే ఆమె భరించగలిగేది కాదు.