వదిన వదిలిన స్టాంపులు

లైబ్రరీలో అందరూ ఆమెను బైండరమ్మ అంటారు. ముప్పై ఏళ్ళుగా అట్టలూడిన పుస్తకాలకు కొత్త అట్టలు కడుతోంది గనక ఆ పేరే స్థిరపడిపోయింది. పెళ్ళి చేసుకోలేదు. అన్నావదినల దగ్గరే ఉండేది. కిందటేడు అన్నయ్య గుండెపోటుతో పోయాడు. ఆర్నెల్లు తిరక్కుండానే, తన చెల్లెలి కూతురికి పుట్టిన కవలల్ని చూసుకోవడానికని వదిన వేరే ఊరు వెళ్ళి అక్కడే ఉండిపోయింది. మూడు గదుల ఇంట్లో బైండరమ్మ ఒక్కతే మిగిలింది. కూరలో ఉప్పు ఎక్కువైనా, తక్కువైనా అడిగేవాళ్ళు లేరు.

వెళ్తూ వెళ్తూ వదిన బీరువా అడుగున ఒక చెప్పుల డబ్బా వదిలేసింది. దాన్నిండా స్టాంపులే. కవర్ల మీది ముక్కలు కత్తిరించి, నీళ్ళలో నానబెట్టి, ఊడదీసి, ఆరబెట్టి, చిన్నప్పట్నుంచీ దాచుకున్నవి. నాలుగొందల పైచిలుకు. వానలు పట్టేసరికి అవి ఒకదానికొకటి అంటుకోసాగాయి. బైండరమ్మ చూసి ఊరుకోలేక, మందపాటి కాగితంతో ఆల్బం కుట్టింది. కుట్టడం ఆమెకు మంచినీళ్ళ ప్రాయం. స్టాంపుల్ని పేజీ మీద ఎలా నిలపాలన్నదే తేలలేదు. ఆదివారం పొద్దున్నే వదినకు ఫోన్ చేసింది.

"వదినా, నీ స్టాంపుల సంగతి. సన్నటి కాగితం పట్టీ మడిచి, ఒక సగం స్టాంపు వెనకా, రెండో సగం పేజీకీ అంటించొచ్చు. ప్లాస్టిక్ తొడుగుల్లో పెట్టొచ్చు. లేదంటే పేజీ మీద కాగితపు మూలలు నాలుగు అంటించి, వాటిలో దోపొచ్చు. ఏం చెయ్యమంటావు?"

వదిన పకపకా నవ్వింది. "ఓసి పిల్లా! యాభై దాటినా నీకింకా బొమ్మలాటలేనా?"

"నవ్వులకేం గానీ, చెప్పు."

"ప్లాస్టిక్ మాత్రం వద్దు. లోపల చెమ్మ పడుతుంది."

మాట మీద మాట వచ్చి ఇరవై నిమిషాలు గడిచాయి. ఫోన్ పెట్టేశాక బైండరమ్మకు గుర్తొచ్చింది, ఆ వారంలో తను ఎవరితోనైనా అంతసేపు మాట్లాడటం అదే మొదలు. సోమవారం మళ్ళీ చేసింది: దేశాల వారీగా పెట్టనా, రంగుల వారీగానా? మంగళవారం: పోస్టు ముద్ర బాగా పడినవి ముందు పెట్టనా? బుధవారం ఆమె నోరు తెరిచేలోపే అవతల ఇద్దరు పిల్లలూ గుక్కపట్టి ఏడుస్తున్నారు.

"అంతా నీ ఇష్టమే. ఇక్కడ నాకు ఊపిరి సలపడం లేదు. ప్రతిదానికీ నన్నడక్కు తల్లీ."

మళ్ళీ చెయ్యలేదు. మూలలే ఖాయం చేసుకుంది. స్టాంపు వదినది, రేపు కావాలంటే జిగురు మచ్చ లేకుండా చేతికి రావాలి. ఒక్కో స్టాంపుకు నాలుగేసి మూలలు. పని నుంచి రాగానే బల్ల ముందు కూచుని గోరంత కాగితాలు కత్తిరించేది. స్టాంపు చుట్టూ ఉండే పళ్ళ అంచు నలక్కుండా పట్టకారుతో దోపేది. రెండు నెలలకు మూడొందలు పూర్తయ్యాయి.

అన్నయ్య పేరున ఉన్న కరెంటు మీటరు బైండరమ్మ పేరుకు మార్చడానికి సంతకం కావాల్సి, ఒక మధ్యాహ్నం వదిన వచ్చింది. సంతకం పెట్టి, ఆల్బం ముందుకు లాక్కుంది.

"ఎంత పొందిగ్గా పెట్టావే! మరి జిగురు తగలనివ్వలేదేం?"

"నువ్వు తీసుకెళ్తానంటే సులువుగా వస్తాయని."

వదిన ఇంకో రెండు పేజీలు తిప్పింది. తర్వాత మెల్లగా అంది, "నేనింక ఇటు రానేమో పిల్లా. వాళ్ళు నాకో గది సర్దిపెట్టారు. పిల్లలు నన్ను వదలడం లేదు. ఇవి నీవే అనుకో. శుభ్రంగా అంటించేసుకో."

"అలాగే," అంది బైండరమ్మ. నన్ను కూడా తీసుకెళ్ళమని అడగడానికి నోరు రాలేదు.

నాలుగింటి బస్సుకు సాగనంపడానికి ఒకే గొడుగులో ఇద్దరూ నడిచారు. బస్సు కదిలాక కిటికీలోంచి చెయ్యి ఊగింది. బైండరమ్మ ఇంటికొచ్చి, తడిసిన చీర మార్చుకుని, బల్ల ముందు కూచుంది. డబ్బాలో ఇంకా వంద దాకా ఉన్నాయి. సన్నటి కాగితం పట్టీ మడిచి, జిగురు రాసి, ఒక స్టాంపు వెనక ఆనించి పేజీకి అంటించింది. ఆరేదాకా వేలితో నొక్కి పట్టుకుంది. వేలు తీస్తే కదలకుండా నిలబడింది. రెండోది అంటించింది.

సగం పేజీ అయ్యేసరికి వెలుతురు తగ్గింది. లేచి లైటు వేసి, మిగతా సగం మొదలుపెట్టింది.