కెజియా ఎత్తని సంచి

నాకు కోపం ఎక్కువని ఊరంతా చెప్పుకుంటారు. ఆరు కంప్యూటర్లు ఇచ్చి, ఆ గదిని ఎలుకలకు అప్పగించేసి, "ఎనిమిదో తరగతికి కంప్యూటర్ పాఠం చెప్పండి టీచర్" అంటే ఎవరికి మాత్రం రాదు? తీగలన్నీ కొరికేశాయి. బాగు చేసే మహానుభావుడు రేపొస్తా రేపొస్తా అంటూ నెల్లూరులోనే ఉండిపోయాడు. చివరికి విసుగెత్తి పిల్లల్నే కంప్యూటర్‌ని చేశాను.

ఐదుగురిని బోర్డు ముందు వరసగా నిలబెట్టి, తలా ఒక రొయ్యల మేత సంచి ఇచ్చాను. వానొస్తే మా పిల్లలు ఆ తెల్ల సంచినే మడిచి నెత్తిన వేసుకుని బడికొస్తారు కాబట్టి సంచులకు కరువు లేదు. బెంచీల్లోవాళ్లకి ఎడమచేతి చివర, వరసలో మొదటివాడు గణేష్, తాడిచెట్టంత పొడుగు. వాడి విలువ పదహారు. వాడి తర్వాత ఎనిమిది, నాలుగు, రెండు. చిట్టచివర కెజియా, దాని విలువ ఒకటి. సంచి తలపైకి ఎత్తినవాళ్ల విలువలు కలుపుకోవాలి. కిందికి దించి పట్టుకున్నవాళ్లవి వదిలెయ్యాలి. మొత్తం ఎంతో బెంచీల్లోవాళ్లు అరవాలి. గణేషూ నడిమిపిల్లా ఎత్తితే పదహారూ నాలుగూ, ఇరవై.

"కంప్యూటర్ లోపల కూడా ఇంతేరా. ఉంది, లేదు. ఆ రెండు మాటలతోనే అంకెలు, అక్షరాలు, బొమ్మలు అన్నీ దాచుకుంటుంది" అని చెప్పాను.

కెజియాకు ఉక్రోషం వచ్చింది. "నా సంచి ఎప్పుడూ కిందనే ఉంటాది టీచర్. సున్నా అంటే ఏమీ లేనట్టే గదా, నేనెందుకు నిలబడేది?"

"నువ్వు పోయి కూర్చుంటే నలుగురే మిగుల్తారు, చివర నిలబడ్డవాళ్లే ఒకటి గదా, అందరి విలువా సగమై ఇరవై కాస్తా పది అయిపోద్ది మే. సున్నా అంటే ఏమీ లేకపోవడం కాదు, లేదని గట్టిగా చెప్పడం. నోరు మూసుకుని నిలబడు" అని కసిరాను. మూతి ముడుచుకుని నిలబడింది.

ఆ తర్వాతి వారమే తుఫాను వచ్చింది. మా బడి నడిచేది తుఫాను షెల్టర్‌లోనే కాబట్టి ఊరు ఊరంతా మా దగ్గరికే చేరింది. కింద మోకాళ్లలోతు నీళ్లు. వంట కూడా మేడ మీదే, రేకుల చాటున. తెల్లవారేసరికి సెల్ టవర్ పడిపోయి ఫోన్లన్నీ మూగబోయాయి. ఊరికి పడమర ఉప్పుకాలువ, దాని అవతల ఇరవై ఎనిమిది రొయ్యల గుంటలు. ఏ గుంట ఎక్కడుందో నంబరు చెప్తే చాలు, ఊళ్లో చంటిపిల్లాడికి కూడా తెలుసు.

ఆ గుంటల్లో ఎక్కడో కెజియా నాన్న సమాధానం చిక్కుకుపోయాడు. కాపలా మనిషి. ఒకే ఆసామివి తలా ఒక మూల ఉన్న నాలుగు గుంటలు చూస్తాడు. గుంటలకు నీళ్లు పెట్టే ఇంజన్లు మునిగిపోతాయని ముందురోజు పోయినవాడు తిరిగి రాలేదు. తల్లి లేని పిల్ల, దానికి ఉన్నది ఆ ఒక్క మనిషి. పడవ మాలకొండయ్య వెతకడానికి బయల్దేరాడు. పడవలో నీళ్లు తోడటానికి కూతురు కామాక్షి కూడా పోయింది. అదీ నా తరగతే. వద్దని నేను అరిచిన అరుపు ఎవరికి పట్టింది?

వాళ్లు పోయిన కాసేపటికి వాన కొంచెం తెరిపిచ్చింది. మేడ మీద పిట్టగోడ పట్టుకుని చూస్తున్న కెజియా కెవ్వుమంది. "నాయనా! టీచర్, అదిగో మా నాయన! ఇరవయ్యో గుంట!"

చూశాను. తాటాకు గుడిసె కప్పు మీద మనిషి, చేతిలో పచ్చ తువ్వాలు. నీళ్లు చూరును తాకుతున్నాయి. గుడిసె అప్పటికే ఒక పక్కకి ఒరిగింది. పడవేమో అర కిలోమీటరు దూరంలో, కాలువలు చీలే చోట ఆగి ఉంది. చుట్టూ నిలువెత్తు రెల్లు. మేడ మీది మాకు కనిపిస్తున్న మనిషి కింద పడవలోవాళ్లకి కనిపించడు. చెయ్యి చూపిద్దామంటే అటువైపు కాలువలు ఒకటా రెండా? తప్పు కాలువలోకి దిగితే వరద వడి లాక్కుపోతుంది, మళ్లీ వెనక్కి తిరిగి వచ్చేది ఉండదు.

"అన్నం వండే గుండిగ మీద ఇరవై దెబ్బలు కొడదాం టీచర్" అన్నాడు గణేష్.

"ఈ గాలికి ఒక్క దెబ్బ ఎగిరిపోతే పంతొమ్మిదో గుంటకు పోతారురా!"

కెజియా నా చీర కుచ్చిళ్లు పట్టుకుని గుంజింది. "కామాక్షి ఉందిగా టీచర్. సంచులతో చూపిద్దాం."

నా బుర్రకు తట్టలేదు, ఆ పిల్లకు తట్టింది. ఐదుగురినీ పిట్టగోడ వెంబడి నిలబెట్టాను. వెనక నిలబడి నా ఎడమచేతి వైపు నుంచి పదహారు, ఎనిమిది, నాలుగు అంటూ సర్దాను. గణేష్ ఎత్తాడు, నడిమిపిల్ల ఎత్తింది. మిగతా ముగ్గురూ సంచులు పిట్టగోడ మీదుగా కిందికి వేలాడదీశారు. నేను అన్నం గుండిగ బోర్లించి ఇనప గరిటెతో మోదాను. గాలి సముద్రం వైపు నుంచి వీస్తోంది, చప్పుడు పడవ వైపే పోయింది. పడవలో కామాక్షి ఇటు తిరిగింది. ఎర్ర చున్నీ పైకెత్తి ఊపింది. అర్థమైందని.

"బంగారు తల్లీ!" అన్నాను.

పడవ కదిలింది. కదిలి దక్షిణం కాలువ వైపు తిరిగింది.

"అటెక్కడికి? అటు ఐదో గుంట గదా! ఈ మాలకొండయ్యకి కళ్లు పోయినాయా?" నేను గొంతు చించుకుంటున్నాను. కెజియా వరసలోంచి మెడ తిప్పి ఆ చివర గణేష్‌ను చూసింది, పడవను చూసింది. దాని ముఖం పాలిపోయింది.

"టీచర్, బడిలో మేం మీకు ఎదురుగా నిలబడతాం. ఇప్పుడు మీరు మా ఎనకాల ఉండారు. కామాక్షికి అంతా తిరగబడి కనపడతా ఉంది. గణేషు ఒకటి అయిపోయినాడు. వాళ్లకి కనపడేది ఐదు!"

సర్దింది నేనే, ఒక మనిషిని ముంచేది నేనే. "గణేష్, ఆ చివరికి పో! కెజియా, ఈ చివరికి! ఎనిమిదీ రెండూ మారండి, తొందరగా!" ఒకరినొకరు గుద్దుకుంటూ మారారు. మళ్లీ గుండిగ మోదాను. కామాక్షి తిరగలేదు. అది తన పని అయిపోయిందనుకుని వంగి నీళ్లు తోడుకుంటోంది. పడవ ముక్కు కాలువ నోట్లోకి పోయింది. "తిరగవే తల్లీ, ఒక్కసారి తిరగవే" అని ఏడుస్తూ కొట్టాను. గరిటె కాడ వంగిపోయింది.

తిరిగింది.

సరిగ్గా అప్పుడే అవతల గుడిసె ఇంకా ఒరిగింది. సమాధానం జారి, కప్పు నడినెత్తిన ఉండే వెన్నుగడ పట్టుకుని వేలాడాడు. మా మేడ వైపు చూశాడు. పసుపు గౌనులో కూతుర్ని పోల్చుకున్నట్టున్నాడు, ఒక చెయ్యి వదిలేసి తువ్వాలు ఊపాడు.

"నాయనా!" కెజియా చేతులు సంచితో సహా పైకి లేస్తున్నాయి.

"దించు!" నేను అరిచిన అరుపుకు నాకే భయం వేసింది. "ఎత్తినావంటే ఇరవై ఒకటి! దించు మే!"

ఇరవై ఒకటో గుంటకు పోయే కాలువ వేరు. అది కెజియాకు నాకంటే బాగా తెలుసు. చేతులు ఆగిపోయాయి. సంచిని పిట్టగోడ మీదుగా కిందికి వదిలి, రెండు పిడికిళ్లతో గట్టిగా పట్టుకుంది. తండ్రి ఊపుతున్నాడు, ఊపుతూనే ఉన్నాడు. బిడ్డ కదల్లేదు. కళ్లవెంట నీళ్లు ధారగా కారుతున్నాయి, కనీసం తుడుచుకోలేదు. వెనకనుంచి పోయి దాన్ని వాటేసుకోవాలని ప్రాణం కొట్టుకుంది. గుండిగ వదిలితే ఎట్లా?

ఎర్ర చున్నీ లేచింది. మాలకొండయ్య గెడ బురదలో దించి, ఒళ్లంతా విల్లులా వంచి పడవను వెనక్కి తోశాడు. ఉత్తరం కాలువలోకి తిప్పాడు. పొడుగు గణేష్ ఈసారి అవతలి చివర ఉండటం చూసి కామాక్షి ఇరవై అని పోల్చుకుందట, తర్వాత చెప్పింది. పడవ గుడిసె దగ్గరికి చేరిన కాసేపటికే తాటాకు కప్పు నీళ్లలో కూలిపోయింది. ఆ కప్పు మీద అప్పటికి ఎవరూ లేరు.

సాయంత్రం సమాధానాన్ని మేడ మీద దుప్పటి కప్పి కూర్చోబెట్టారు. వణుకుతున్నాడు. వేడి గంజి రెండు గుక్కలు తాగి, పక్కన అతుక్కుని కూర్చున్న కూతురి వైపు చూశాడు.

"వాళ్లు సంచులెత్తి పిలస్తా ఉండారే గానీ నువ్వు చెయ్యి కూడా ఎత్తలేదేంది బిడ్డా? అంతసేపు ఊపినానే. నా మీద ఆశ వదులుకున్నావేమో అనుకున్నా. ఇంక చెయ్యి వదిలేద్దామనిపించింది."

"ఎత్తుంటే పడవ పక్క గుంటకు పోయేది నాయనా."

ఆయనకు అర్థం కాలేదు. నా వైపు చూశాడు. రోజంతా పిల్లల మీద అరిచే నేను కెజియా వైపు చూశాను.

కెజియా లేచింది. మూలన తడిసి పడి ఉన్న తన సంచి తెచ్చుకుంది. తండ్రికి ఎదురుగా నిలబడి, రెండు చేతులతో దాన్ని తలపైకి ఎంత ఎత్తగలదో అంత ఎత్తింది.

"ఇప్పుడెత్తినా. చూడు నాయనా" అంది.