పై బాణం మూడుసార్లు

ఆఫీసులో నన్ను చిట్కాల మాస్టారు అంటారు. వెటకారమేలెండి, అయినా లోపల్లోపల నాకు మహా సంతోషంగా ఉండేది. ప్రతి మంగళవారం లైబ్రరీ మేడమీద గదిలో పదిమందిని పోగేసి, కంప్యూటర్లో విండోస్‌కి బదులు వాడే లినక్స్ నేర్పిస్తాను. మౌసు పట్టుకుని వేలాడకండర్రా, నల్ల తెర తెరిచి కమాండ్ కొట్టండి అని వాళ్ళ ప్రాణం తీస్తాను. ఒకసారి కొట్టిన లైను మళ్ళీ మొదట్నుంచీ కొట్టేవాణ్ణి చూస్తే నాకు ఒళ్ళు మంట. కీబోర్డు మీద పై బాణం నొక్కితే పాత లైన్లు ఒక్కొక్కటే వెనక్కి వస్తాయి కదా, వేళ్ళు అరగదీసుకోవడం దేనికి? ఇంకో చిట్కా, ఎంటర్ కొట్టాక తెర ఏమీ మాట్లాడకపోతే కంగారు పడొద్దు, పని జరుగుతోందన్నమాట. ఈ రెండు చిట్కాలతోనే మా అక్క కొంప ముంచాను.

అక్క బధిరుల బళ్ళో టీచరు. అక్క వాళ్ళ ఊళ్ళో వినపడని ముసలివాళ్ళు కొందరు చిన్నప్పుడు హాస్టల్లో తమలో తాము కల్పించుకున్న సైగలున్నాయి. ఇప్పటి పిల్లలకు అవి రావు, ఏ పుస్తకంలోనూ లేవు. అక్క ఏడేళ్ళపాటు సెలవు దొరికినప్పుడల్లా పదకొండుమందిని కిటికీ పక్కన కూర్చోబెట్టి ఒక్కో సైగా వీడియో తీసింది. నాలుగు వేల పైచిలుకు. ఆ పదకొండుమందిలో ఇప్పుడు మిగిలింది టైలర్ గారొక్కరే. ఆయన భార్య కూడా ఆ వీడియోల్లో ఉంది. ఆవిడ పోయి రెండేళ్ళయింది. ప్రతి గురువారం మధ్యాహ్నం ఆయన కొట్టు మూసేసి బడికొచ్చి, అక్క ల్యాప్‌టాప్ ముందు కూర్చుని, భార్య చేతులు మాట్లాడుతుంటే చూసుకుని వెళ్తాడు. ఇంట్లో ఆవిడ ఫొటోలైతే ఉన్నాయి గానీ కదిలేది ఒక్కటీ లేదు.

ల్యాప్‌టాప్ మరీ నత్తనడక నడుస్తోందంటే కిందటి ఆదివారం వెళ్ళాను. వీడియోలన్నీ బయటి డిస్కులోకి ఎక్కించి, ల్యాప్‌టాప్ మొత్తం తుడిచేసి, పెన్‌డ్రైవ్‌తో కొత్త లినక్స్ వేశాను. ఆ వీడియోలు అప్పటికి ఆ ఒక్క డిస్కులోనే ఉన్నాయని నాకు తెలుసు. రెండు మూడు రోజులే కదా అనుకున్నాను. తర్వాత ఆ పెన్‌డ్రైవ్ మొండికేస్తే ఒక లైను కొట్టి దాన్నిండా సున్నాలు నింపాను. అలా నింపితే పాతది ఆనవాలు కూడా మిగలదు. దాన్ని పీకేసి, వీడియోలున్న అక్క డిస్కు పెట్టి, వీడియోలు తిరిగి ల్యాప్‌టాప్‌లోకి కాపీ చేసే లైను కొట్టాను. అంతలో బస్సు టైమయింది. కాపీ ఆపేసి, డిస్కులన్నీ సరిగ్గా కనిపిస్తున్నాయో లేదో చూసే లైను ఒకటి కొట్టాను. నమ్మకం చాలక వెంటనే అదే ఇంకోసారి కొట్టి, అన్నీ మూసేసి వచ్చేశాను.

బుధవారం మధ్యాహ్నం అక్క ఫోన్ చేసింది.

"ఒరేయ్, రేపు పెద్దాయన వస్తాడు. వీడియోలు ఎక్కించేస్తా, ఆ లైనేదో చెప్పు, రాసుకుంటా."

"రాసుకోవడమేంటక్కా! అంత పొడుగు లైను నువ్వు కొట్టేసరికి తెల్లారుతుంది. డిస్కు పెట్టావా? నల్ల తెర తెరిచి పై బాణం మూడుసార్లు నొక్కు. ఎంటర్ కొట్టు. పాస్‌వర్డ్ అడిగితే ఇవ్వు. అంతే."

"ఏదో వచ్చింది. ఇదేనా? చదవనా?"

"చదివితే నీకేం అర్థమవుతుంది? కొట్టెయ్."

కొట్టింది. "ఏమీ అనట్లేదురా ఇది."

"అనదు. నోరు మూసుకుని పని చేస్తుంది, నీలాగ కాదు. మూడు గంటలు పడుతుంది, దాన్ని ముట్టుకోకు."

అక్క నవ్వింది. నేనూ నవ్వాను. నా నవ్వు మండిపోను.

నాలుగింటికి మళ్ళీ ఫోను. "అయిపోయినట్టుందిరా. డిస్కులో చోటు లేదని ఏదో వచ్చింది."

"చోటు లేకపోవడమేంటి, ల్యాప్‌టాప్ అంతా ఖాళీయే కదా! ఏం కెలికావు?"

"నేనేం కెలకలేదు బాబూ. ముట్టుకోవద్దన్నావు, ముట్టుకోలేదు."

"సరే, ఎంటర్ కొట్టిన లైను చదువు."

"డీ, డీ. తర్వాత ఐ, ఎఫ్. ఈక్వల్‌టూ. స్లాష్ డెవ్ స్లాష్ జీరో..."

అది సున్నాలు నింపే లైను. ఒకే లైను వెంటవెంటనే రెండుసార్లు కొడితే ఆ మెషీన్ దాన్ని ఒక్కసారే గుర్తుపెట్టుకుంటుంది. ఈ సంగతి నేనే క్లాసులో బోర్డు మీద రాసి మరీ చెప్తాను. నా లెక్కలో వెనక్కి మూడోది కాపీ. దాని లెక్కలో మూడోది సున్నాలు. పెన్‌డ్రైవ్‌కి పెట్టిన పేరునే, అది పీకేశాక, ఆ మెషీన్ అక్క డిస్కుకి తగిలించింది, సున్నాలన్నీ దాంట్లోకే పోయాయి. నా బుర్రకి ఇవన్నీ తెలుసు. ఒక్కొక్కటీ విడివిడిగా, శుభ్రంగా తెలుసు.

"ఏమైందిరా?"

"వస్తున్నానక్కా" అన్నాను.

మర్నాడు పొద్దున్నే మొదటి బస్సుకి వెళ్ళాను. డిస్కు నా మెషీన్‌కి తగిలించి, నాకు తెలిసిన పనిముట్లన్నీ దాని మీద వదిలాను. మొదట్లో సున్నా, మధ్యలో సున్నా, చివర సున్నా. ల్యాప్‌టాప్‌లోని పాత సరుకేమైనా దొరుకుతుందేమోనని చూశాను. ఆదివారం దాన్ని తుడిచింది నేనే, నా పని నేనెప్పుడూ పూర్తిగానే చేస్తాను. ఆదివారం ఆగిన కాపీలో నాలుగైదైనా చేరి ఉంటాయని ఆశపడ్డాను. ఆ ఫోల్డర్లో మొదటి వీడియో సగం ఉంది, తెరుచుకోలేదు. అక్క పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుంది. తిట్టలేదు. తిడితే బాగుండునని చచ్చేంత కోరుకున్నాను.

"నువ్వు చెప్పినట్టే చేశాను కదరా?" అంది ఒక్కసారి.

"అవునక్కా. అచ్చం నేను చెప్పినట్టే చేశావు."

"నేనేమైనా తప్పు నొక్కానేమోనని రాత్రంతా ఆలోచించా."

నేను తల దించుకుని ఏడ్చాను. అక్క బయటికెళ్ళి ముఖం కడుక్కుని వచ్చి, ఏడో తరగతి నోటు పుస్తకాలు దిద్దడం మొదలుపెట్టింది. నాలుగు పుస్తకాలు దిద్ది పెన్ను పక్కన పెట్టేసింది.

మధ్యాహ్నం టైలర్ గారు వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, మెడలో కొలతల టేపు తీయడం మర్చిపోయాడు. ఎప్పటిలాగే కుర్చీ ల్యాప్‌టాప్ ముందుకు లాక్కుని కూర్చున్నాడు. నేనే చెప్తానన్నాను గానీ నాకు ఒక్క సైగా రాదు. అక్కే ఆయనకెదురుగా కూర్చుని చేతులతో చెప్పింది. మధ్యలో నన్ను చూపిస్తుందేమో అని చూశాను. చూపించలేదు, తన గుండె మీదే వేలు పెట్టుకుంది. నేను లేచి, కాదని తలూపి, నా గుండె మీద కొట్టుకున్నాను. ఆయనకు అర్థమైంది.

కోపం వస్తుందనుకున్నాను. ఆయన ముఖంలో కోపం లేదు. నేను కంప్యూటర్లు బాగుచేసేవాణ్ణని అక్క ఎప్పుడో చెప్పి ఉంటుంది. ఆయన నా దగ్గరికొచ్చి ల్యాప్‌టాప్ వైపు చూపించి, చూపుడువేలు ఒక్కటి పైకెత్తాడు.

అక్క "ఒక్కటైనా..." అని చెప్పబోయింది. "అర్థమైంది" అన్నాను.

లేదని తలూపాను. ఆయన వేలు దించలేదు. నా ముఖంలోకి చూస్తూ అలాగే పట్టుకుని నిలబడ్డాడు. మళ్ళీ అడ్డంగా తలూపాను. చివరికి అక్కే లేచి, ఆ చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుని, మెల్లగా కిందికి దించింది.